డిప్రెషన్ ఉన్న ఇంట్లో మిగతావాళ్ళ పని

మన ఇళ్ళలో ఎవరికైనా కామెర్లు వచ్చినా, కాలు విరిగినా పనుల పంపకం దానంతటదే జరిగిపోతుంది. ఒకరు ఆసుపత్రిలో రాత్రి పడుకుంటారు, ఒకరు పొద్దున్నే క్యారేజీ అందిస్తారు, పిల్లల్ని పిన్ని తన ఇంటికి తీసుకుపోతుంది, ఆఫీసుకు సెలవు చీటీ ఎవరో ఒకరు చేరవేస్తారు. చూడటానికి వచ్చిన చుట్టాలు కూడా మంచం పక్కన బత్తాయిల సంచి పెట్టి, రోగిని ఎక్కువ మాట్లాడించకుండా కాసేపు కూర్చుని లేస్తారు. అదే మనిషి డిప్రెషన్‌తో మంచం పట్టాడంటే మాత్రం ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని నోటికి పని చెబుతారు. ప్రేమ లేక కాదు. ఈ జబ్బులో పక్కనున్నవాళ్ళు చేయవలసిన పనులంటూ కొన్ని ఉన్నాయని మనకు తెలియకపోవడం వల్ల అలా జరుగుతుంది. అవి పెద్ద విద్యలేమీ కావు, చాలామటుకు విసుగు పుట్టించే చిన్న పనులే. వాటి గురించే ఈ టపా.

నేను వైద్యురాలిని కాను. మా పిన్ని కొడుకు, అంటే నాకు తమ్ముడు, ఈ జబ్బు పడి లేచిన కాలంలో అతని పక్కన ఉన్నాను. అతని అనుమతితో, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. అతను విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాడు, పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు, భార్య, బడికి వెళ్ళే కూతురు ఉన్నారు.

ఆ రోజుల్లో ఒక్కసారి కూడా తనకు దిగులుగా ఉందని తమ్ముడు అనలేదు. నడుము లాగేస్తోందన్నాడు, తల బరువుగా ఉందన్నాడు, ఏం తిన్నా గ్యాస్ పడుతోందన్నాడు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టడం లేదన్నాడు. గుండె పరీక్షలు, ఎండోస్కోపీ, స్కానింగులు అన్నీ అయ్యాయి. రిపోర్టులన్నీ బాగున్నాయని డాక్టర్లు అంటే, బంధువులకు అది "వీడికేం లేదు, వేషాలు వేస్తున్నాడు" అన్నట్టు వినిపించింది. మన దగ్గర డిప్రెషన్ తొలిసారి బయటపడేది చాలావరకు ఇలా ఒంటినొప్పుల రూపంలోనేనని, మగవాళ్ళలో అయితే ఏడుపు కంటే చిరాకు, కోపం ముందు కనిపిస్తాయని తరువాత సైకియాట్రిస్టు చెప్పారు. అయితే అందరికంటే ముందు కనిపెట్టింది మా మరదలు. పెళ్ళయిన నాటి నుంచి ఆదివారం డ్యూటీ లేకపోతే తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళి, వంజరం మొప్పలు ఎత్తి చూసి, బేరమాడి తెచ్చే మనిషి, ఆ వెళ్ళడం మానేశాడు. ఇంటి పక్కన దొరికేవి తెచ్చి వండి పెడితే అవి ఏ చేపలని కూడా అడగకుండా తిన్నాడు. "వదినా, ఈయన కోప్పడినా నాకు భయం లేదు గానీ, చేపలు బాగాలేవని తిట్టకపోవడం చూస్తే భయంగా ఉంది" అని ఆమె ఫోనులో అన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది గాని, వైద్యులు చూసే రెండు ముఖ్య లక్షణాలలో ఒకదానిని ఆమె పట్టుకుంది. మనసు బాగా కుంగి ఉండటం ఒకటి, ఇష్టమైన వాటి మీద ఇష్టం పోవడం రెండోది. ఈ రెండిటిలో ఏదైనా, నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం, తన మీద తనకు అసహ్యం, చావు ఆలోచనలు వంటి వాటితో కలిసి, రోజులో ఎక్కువ భాగం, కనీసం 2 వారాలపాటు విడవకుండా ఉంటే వైద్యుడిని కలవాలి. పెళ్ళి సంబంధం తప్పిపోయిన బాధో, పరీక్ష పోయిన దిగులో నాలుగు రోజుల్లో తగ్గుముఖం పట్టడం వేరు, ఇది వేరు.

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడుతున్నారు, ఆ పడినవారిలో అత్యధికులకు చికిత్సే అందడం లేదు.

ఇక మాటల సంగతి. "అందరికీ కష్టాలు లేవా?", "నీకేం తక్కువ, ఉద్యోగం ఉంది, బంగారంలాంటి పిల్ల ఉంది", "ధైర్యం తెచ్చుకో", "మగాడివై ఉండి ఏటిరా ఇది?" వంటి మాటలు తమ్ముడి మంచం చుట్టూ రోజూ వినిపించేవి. వీటిలో దుర్బుద్ధి ఏమీ లేదు. కాని అపరాధభావం ఈ జబ్బు లక్షణాలలో ఒకటి. నాకేం తక్కువ, అయినా ఇలా ఉన్నానంటే నేనెంత పనికిమాలినవాడినో అని ఆ మనిషి రాత్రంతా తనను తాను తిట్టుకుంటూనే ఉంటాడు, మనం పగలు వచ్చి ఆ తిట్లకు సాక్ష్యం చెప్పి వెళతాం. కారణం చెప్పమని నిలదీయడం కూడా అంతే. కొందరికి కారణం ఉంటుంది, కొందరికి ఉండదు, ఉన్నవాళ్ళకు కూడా ఆ కారణం తొలగినంత మాత్రాన జబ్బు తొలగదు.

నాకు పనికొచ్చినవి చాలా తక్కువ మాటలు. "చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే ఊరికే కూర్చుందాం, ఏడింటి దాకా నేను ఇక్కడే ఉంటాను" అనేదాన్ని. చాలా సాయంత్రాలు ఊరికే కూర్చున్నాం. నేను చిక్కుడుకాయలు ఒలుచుకునేదాన్ని, అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఏమైనా కావాలంటే అడుగు అనడం వల్ల ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఏం కావాలో తేల్చుకోవడం, తేల్చుకుని నోరు తెరిచి అడగడం, ఆ రెండూ అతని వల్ల కాని పనులే. ఏం తింటావని అడిగితే కూడా ముఖం ముడుచుకునేవాడు. దాని బదులు "ఉప్మా చేశాను, కొంచెం పెట్టనా?" అని అడిగితే అవునో కాదో తల ఊపగలిగేవాడు. నిర్ణయాలు తీసుకునే శక్తి ఈ జబ్బులో ముందే హరించుకుపోతుంది కాబట్టి, పక్కవాళ్ళు ప్రశ్నను వీలైనంత చిన్నది చేసి ఇవ్వాలి. అలాగని పెద్ద నిర్ణయాలు మనం తీసేసుకోవడం మంచిది కాదు. ఉద్యోగం మానేయడం, ఇల్లు అమ్మడం, ఊరు మారడం వంటివి ఎవరూ తేల్చకుండా, అతను కోలుకునేదాకా పక్కన పెట్టాలి.

పనులు పంచుకున్న తీరు చెబుతాను. కరెంటు బిల్లు, గ్యాసు, పాప బడి ఫీజు, స్కూటర్ ఇన్సూరెన్సు వంటివన్నీ మా ఆయన తన ఫోనులోకి మార్చుకున్నారు. కంపెనీతో మాట్లాడే పని తమ్ముడి స్నేహితుడొకరు తీసుకున్నాడు, ఆ ఒక్కడే మాట్లాడాలని, మిగతావాళ్ళెవరూ హెచ్‌ఆర్‌కు ఫోను చేయకూడదని అనుకున్నాం. వారంలో కొన్ని రోజులు వంట మా ఇంటి నుంచి వెళ్ళేది. పాప లెక్కల హోంవర్కు వీడియో కాల్‌లో మా అబ్బాయి చేయించేవాడు, దానికి పెద్ద ఫలితం ఉండేది కాదనుకోండి. బంధువుల ఫోన్లన్నీ మా పిన్నికి మళ్ళించాం. ఆవిడ మాటకారి, ఎవరేమడిగినా "నీరసంగా ఉన్నాడు, మందులు వాడుతున్నాం" అని చెప్పి, వాళ్ళ ఇంటి సంగతులు అడగడం మొదలుపెట్టేది. ఈ సమాచారం ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది మాత్రం తమ్ముడిని అడిగే నిర్ణయించాం. జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చింది. చట్టం సంగతి అటుంచినా, తన జబ్బు గురించి తనకంటే ముందు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుకు తెలియడం ఎవరికీ రుచించదు.

సాయంత్రం నడకకు అతన్ని బయటికి తీసుకురావడం అన్నిటికంటే కష్టమైంది. ఆర్‌కే బీచ్‌కు వెళితే తెలిసినవాళ్ళు ఎదురై "ఏటి, చిక్కిపోయావు?" అని ఆరా తీస్తారు. అందుకని లాసన్స్ బే వైపు, జనం పలచబడ్డాక వెళ్ళేవాళ్ళం. మొదట్లో గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగేవాడు, అది కూడా లెక్కలో వేసుకునేవాళ్ళం. హుషారు వచ్చాక లేస్తానని ఆ మనిషి అంటాడు, మనకు కూడా అది సబబే అనిపిస్తుంది. ఈ జబ్బులో వరస తిరగబడుతుంది, ముందు లేచి నాలుగడుగులు వేస్తూ ఉంటే కొన్ని వారాలకు హుషారు నెమ్మదిగా వస్తుంది. దీని మీదనే ఒక చికిత్స పద్ధతి ఉంది, కౌన్సెలర్లు దానిలో భాగంగా రోజుకు చేయగలిగినంత చిన్న పనిని రాసిచ్చి చేయిస్తారు. తమ్ముడికి మొదట రాసిచ్చిన పని పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని బాల్కనీలో ఎండ తగిలేలా కూర్చోవడం.

డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళడం గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే చాలా కుటుంబాలు అక్కడే ఆగిపోతాయి. ఈ ఊళ్ళో చినవాల్తేరు పేరు ఎగతాళి మాటగా వాడే అలవాటు పాతది. బ్రిటిష్ కాలం నుంచి ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాల అక్కడ ఉండటమే దానికి కారణం. ఆ గేటు లోపలికి వెళితే మనిషి మీద ముద్ర పడుతుందని భయపడే పెద్దలు, అక్కడి ఓపీలో రోజూ నిలబడేవాళ్ళలో చాలామంది మందులు రాయించుకుని అదే పూట ఇంటికి వెళ్ళిపోయే మామూలు మనుషులని గమనించరు. అక్కడికి మనసొప్పకపోతే ప్రైవేటు సైకియాట్రిస్టులు కూడా ఊళ్ళో ఉన్నారు. కాళ్ళూ చేతులూ ఆడని మొదటి రోజున 14416కు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు, రోగి బదులు ఇంట్లోవాళ్ళు కూడా చేసి ఏం చేయాలో అడగవచ్చు.

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తరువాత మానసిక వైద్యం చదివి మందులు రాసే డాక్టరు, సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేసే నిపుణుడు. ఒక మాదిరి నుంచి తీవ్రమైన డిప్రెషన్ వరకు చాలాసార్లు ఇద్దరి అవసరమూ పడుతుంది. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు, నిద్ర, తిండి ఎలా ఉన్నాయో రాసిన ఒక కాగితం తీసుకువెళ్ళండి. థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా, రక్తహీనత ఉన్నా ఇలాంటి లక్షణాలే కనిపించవచ్చు కాబట్టి ఆ పరీక్షలు రాయవచ్చు. ఇంతకుముందు ఎప్పుడైనా నిద్ర లేకపోయినా అలుపు రాకుండా, అతిగా మాట్లాడుతూ, విచ్చలవిడిగా డబ్బు ఖర్చుపెట్టిన రోజులుంటే అది తప్పకుండా చెప్పాలి, అది బైపోలార్, అంటే అతి హుషారూ దిగులూ మారిమారి వచ్చే జబ్బు, అయితే మందులు మారిపోతాయి. మద్యం అలవాటు ఉంటే దాచకూడదు. నిద్ర కోసమని వేసుకునే రెండు పెగ్గులు నిద్రను, మనసును రెండిటినీ మరింత పాడుచేస్తాయి. ఇంకొకటి, డాక్టరు రోగిని ప్రశ్న అడిగితే తోడు వెళ్ళినవాళ్ళు జవాబు చెప్పే జబ్బు మన కుటుంబాలన్నిటిలోనూ ఉంది. చెప్పవలసింది చెప్పేసి, కాసేపు లేచి బయటికి రండి. భార్య ముందు, అక్క ముందు చెప్పలేని మాటలు ఉంటాయి.

మందుల విషయంలో చుట్టాలందరూ ఫార్మసీ చదివినవాళ్ళే. "నిద్రమాత్రలు రా అవి, అలవాటైపోతాయి" అని ఒకరు, "కిడ్నీలు పోతాయి" అని ఒకరు. డిప్రెషన్‌కు సాధారణంగా రాసే మందులు నిద్రమాత్రలు కావు, మద్యంలాగా మోతాదు పెంచుకుంటూ పోవాలనిపించేవి కావు. వాటితో వచ్చే అసలు చిక్కు వేరే ఉంది. కడుపులో తిప్పడం, తలనొప్పి, కంగారు వంటి దుష్ప్రభావాలు మొదటి వారంలోనే వస్తాయి, మేలు కనిపించడానికి 2 నుంచి 4 వారాలు, కొందరికి 6 వారాలు పడుతుంది. ఈ మధ్య కాలంలోనే చాలామంది మానేస్తారు. ఇంట్లోవాళ్ళు కాపు కాయవలసింది సరిగ్గా అప్పుడే. పాతికేళ్ళ లోపు పిల్లలకు ఈ మందులు మొదలుపెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు కొందరిలో అశాంతి, చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి ఇంకా దగ్గరగా చూసుకుని, తేడా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. రెండో చిక్కు బాగయ్యాక వస్తుంది. "ఇప్పుడు బాగానే ఉన్నాను కదక్కా, ఇంకెందుకు?" అంటాడు. కోలుకున్న తరువాత కూడా కనీసం 6 నెలలు, చాలాసార్లు అంతకంటే ఎక్కువ కాలం వాడమంటారు, ఆపేటప్పుడు డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి. ఒక్కసారిగా మానితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, నిద్ర చెదరడం జరుగుతాయి, జబ్బు మళ్ళీ తిరగబెట్టవచ్చు.

దేవుడి గురించి మా ఇంట్లో పెద్ద వాదం జరిగింది. పిన్ని సింహాచలం తీసుకువెళదామంది, మా ఆయన ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ వద్దన్నారు. నా అభిప్రాయంలో ఆ రెండిటికీ పోటీ పెట్టడమే అనవసరం. అప్పన్న దర్శనం వల్ల ఆ మనిషికి ఊరట కలిగితే వెళ్ళి రావడంలో తప్పేముంది? మందు మాన్పించి తాయెత్తు కట్టించడం, దెయ్యం పట్టిందని కొట్టించడం మాత్రం ఎంతమాత్రం ఒప్పుకోకూడదు. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడనే వైద్యం కూడా అలాంటిదే, దానిలో రోగులు ఇద్దరవుతారు.

ఇప్పుడు అందరూ తప్పించుకునే విషయం. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం అక్కరలేదు, అలా జరగదని వైద్యులు స్పష్టంగా చెబుతారు, చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్నదే ఉపశమనం. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు, గొంతు పెంచకుండా, ఏడవకుండా అడగాలి. అవునంటే "ఛ, అలాంటి మాటలు అనకు, పాప గతేమిటి?" అని నోరు మూయించకుండా విని, ఎలా, ఎప్పుడు అని ఏమైనా అనుకున్నాడా అని కూడా అడగాలి. అనుకున్నానంటే అది అత్యవసరం. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, ప్రమాదకరమైన వస్తువులను, ఇంట్లోని మందుల నిల్వను వేరొకరి ఇంటికి చేర్చాలి, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, అవసరమైతే 108కి ఫోను చేయాలి. ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నా ఈ ఒక్క విషయంలో ఆ ఒట్టు చెల్లదు, ఆ సంగతి అతనికి ముందే చెప్పేయడం మంచిది. పోలీసు కేసు అవుతుందని భయపడి ఆత్మహత్యాయత్నాన్ని దాచిపెట్టే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పైన చెప్పిన చట్టంలోని 115వ సెక్షను ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించడానికి వీలులేదు, చికిత్స అందించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. 2018 మే నుంచి ఇది అమలులో ఉంది.

బాలింతల విషయం విడిగా చెప్పకపోతే ఈ టపా సగమే అవుతుంది. పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్లకు కాన్పయిన మూడు నాలుగు రోజులకు ఊరికే ఏడుపు రావడం మామూలే, రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఆ తరువాత కూడా బిడ్డను చూస్తే ఏమీ అనిపించడం లేదని, తాను తల్లిగా పనికిరానని అంటూ ఉంటే, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోతే, అది డిప్రెషన్. పత్యం, కాకరకాయ కారం, నూనె మర్దన అన్నీ సక్రమంగా అందే ఇంట్లో కూడా ఇది వస్తుంది. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులున్నాయి. రాత్రిపూట ఒక విడత బిడ్డను వేరొకరు చూసుకుని ఆ పిల్లను నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్రపోనివ్వడం ఇంట్లోవాళ్ళు చేయగలిగిన పెద్ద సాయం. అత్తవారింటికి పంపే ముహూర్తం ఆ పిల్ల కోలుకోవడం కంటే ముఖ్యమైనదేమీ కాదు.

పక్కనుండేవాళ్ళు కూడా అలిసిపోతారు. మా మరదలు ఒకరోజు "నాకూ ఒక మనిషి కావాలి వదినా" అన్నది. అప్పటి నుంచి ఆదివారాలు మధ్యాహ్నం నేను ఆ ఇంట్లో ఉండేదాన్ని, ఆమె పాపను తీసుకుని శివాజీ పార్కుకో, పుట్టింటికో వెళ్ళి, మాట్లాడితే జబ్బు ప్రస్తావన తేకూడదన్న షరతుతో తిరిగేది.

తమ్ముడు కోలుకున్నది ఒక్క గీతలో కాదు. రెండు వారాలు బాగుండి, ఒక వారం మళ్ళీ మంచం పట్టేవాడు, అప్పుడల్లా పిన్ని మందు పనిచేయడం లేదనేది. హార్బర్‌కు మళ్ళీ వెళ్ళిన మొదటి ఆదివారం తెచ్చిన చేపలు అంత తాజావి కావు, ఎవరూ ఏమీ అనలేదు, అతనే తిన్నంతసేపూ తిట్టుకున్నాడు. ఉద్యోగంలో తిరిగి చేరేముందు డాక్టరుగారు ఒక మాట అన్నారు, నిద్ర వేళలు తారుమారైతే ఈ జబ్బు తిరగబెట్టడం సులువని. చీటీలో జబ్బు పేరు రాయకుండా, కొన్ని నెలలపాటు రాత్రి డ్యూటీ వేయవద్దని మాత్రం రాసిచ్చారు. కంపెనీ జనరల్ షిఫ్టు ఇచ్చింది. జీతంలో రాత్రి డ్యూటీ అలవెన్సు తగ్గుతుందని మరదలు ముందే లెక్క వేసుకుని, ఆ నెలలో మొదలుపెడదామనుకున్న చీటీపాటను సంక్రాంతి తరువాతకు వాయిదా వేసింది.